రెండు విమానాలెక్కినా కోరుకొండ పెళ్ళికి అందలేదు

ముందుగా ఒక లెక్క చెబుతాను. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను, అట్లాసు ఎప్పుడూ చేతి కిందే ఉంటుంది. తిరుపతి మీద దారం ఒక కొస పెట్టి, రెండో కొస రాజమండ్రి మీద పెట్టి కొలిస్తే గాలిదారిన సుమారు నాలుగు వందల అరవై కిలోమీటర్లు వస్తుంది. గూడూరు, బెజవాడ మీదుగా రైలు దారి ఐదు వందల ముప్ఫై దాకా ఉంటుంది. ఇక విమానం సంగతి. తిన్నగా వెళ్ళేది లేదు. ముందు హైదరాబాదు వెళ్ళి, బేగంపేటలో దిగి, ఇంకో విమానం ఎక్కి మళ్ళీ తూర్పుకి రావాలి. ఆ దారిన దారం పెట్టి కొలిస్తే ఎనిమిది వందల కిలోమీటర్లు. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించడమంటే ఇదే. అయితే గాల్లో ఉండేది రెండు విమానాలకీ కలిపి రెండున్నర గంటల లోపే. ఆ రెండున్నర గంటల మాటే మమ్మల్ని ముంచింది. మొన్న మాఘంలో చేసిన ఈ ప్రయాణం గురించి అసలు రాయకూడదనే అనుకున్నాను. కానీ మా స్టాఫ్ రూములో తెలుగు టీచరు, “మేం కూడా రాజమండ్రి విమానంలో వెళ్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందండీ?” అని అడిగింది. ఆవిడలాంటి వాళ్ళు ఇంకా ఎందరో ఉంటారు. అందుకని రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, కోపంగానే రాస్తున్నాను.

మేముండేది తిరుపతిలో అయినా మా ఇద్దరివీ గోదావరి వైపు ఊళ్ళే. నాది తుని, మా ఆయనది నిడదవోలు. ఆయన అక్క సుగుణ వదిన ఇప్పటికీ నిడదవోల్లోనే ఉంటుంది. ఆవిడ భర్త కొన్నేళ్ళ కిందట గుండెపోటుతో పోయారు. ఒక్కతే కూతురు, హేమ. ఆ హేమ పెళ్ళికే మా ప్రయాణం. వదిన మొక్కుకుంది కాబట్టి పెళ్ళి కోరుకొండలో, నరసింహస్వామి కొండ కింద సత్రంలో పెట్టుకున్నారు. గోధూళి ముహూర్తం, సాయంత్రం ఆరు దాటిన కాసేపటికి. మా వైపు పెళ్ళికూతురు తనంతట తాను పీటల దగ్గరికి నడిచి రాదు. వెదురు బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చి పందిట్లో దించాలి. హేమకి ఉన్నది ఒక్కడే మేనమామ, మా ఆయన. తండ్రి లేని పిల్ల కాబట్టి కన్యాదానం బాబాయి చేస్తాడు. బుట్ట మాత్రం మావయ్యే ఎత్తాలని ఆ పిల్ల పట్టుదల. వదినకి అంతకు పదింతలు. భర్త పోయిన మనిషిని పందిట్లోకి రానివ్వరు, లోపల గదిలో కూర్చోవాలి. “నా తరఫున అక్కడ నిలబడేవాడివి నువ్వొక్కడివేరా బుజ్జీ. ఎన్ని పనులున్నా మానుకుని రా” అని తమ్ముడికి ఫోనులో ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఆయన ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. మాఘమాసమంటే లోకానికి పెళ్ళిళ్ళ కాలం, ఇంటర్ లెక్చరర్లకి ప్రాక్టికల్స్ కాలం. పెళ్ళి ముందురోజు రాత్రి ఎనిమిదింటి దాకా ఆఖరి బ్యాచ్ పిల్లలు ల్యాబులో పిపెట్లు పట్టుకుని ఉన్నారు. సాయంత్రం రైళ్ళు వెళ్ళిపోయాయి. కారు మాట్లాడుకుని రాత్రే బయల్దేరదామన్నాను. “రాత్రంతా కారులో కుదుపులు తిని నడుం పట్టేస్తే రేపు పిల్లనెలా ఎత్తుతానే?” అన్నారు. నవ్వకండి, పది రోజులుగా ఆయన పొద్దున్నే సగం బియ్యం బస్తా ఎత్తి హాల్లో అటూ ఇటూ నడుస్తున్నారు. పైగా రాజమండ్రి విమానాలు దిగే మధురపూడి నుంచి కోరుకొండ పట్టుమని పది కిలోమీటర్లు లేదు. “విమానం దిగితే పందిట్లో దిగినట్టే” అని మురిసిపోయారు. నిజం చెప్పొద్దూ, నేనూ మురిశాను. టికెట్లు మనిషికి మూడు వేల పైచిలుకు. స్లీపరు క్లాసులో రెండు వందల చిల్లరతో అయిపోయే దూరం అది. అయినా ఒక్కగానొక్క మేనకోడలి పెళ్ళి కదా అని గుండె రాయి చేసుకుని కొన్నాం.

తెల్లవారుజామున లేచి, పట్టుచీరల పెట్టె సర్దుకుని, ఇంటి దగ్గర ఆటో ఎక్కి రేణిగుంట చేరేసరికి ఏడున్నర. తిరుపతి నుంచి ఆటోకి రెండు వందలు తీసుకున్నాడు, బేరమాడితే నూట యాభైకి వస్తారు. విమానాశ్రయం చిన్నది. వరుసలు తక్కువ, తోపులాట లేదు. తొమ్మిదిన్నర విమానం తొమ్మిదిన్నరకే కదిలింది. రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానం, కిటికీ దగ్గర కూర్చుంటే చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినపడదు. తిరుమల కొండలు, ఆ తర్వాత కడప వైపు ఎర్రమట్టి, కృష్ణ మీద నల్లమల అంచు చూస్తూ ఉండగానే గంటంపావులో బేగంపేటలో దించేశాడు. నేను అట్లాసులో కొలిచిన దూరంలో సగం పైన అయిపోయింది. ఇక్కడిదాకా ఎవరిమీదా నాకు ఫిర్యాదు లేదు. ఈ ఉత్సాహంలోనే మా ఆయన వదినకి ఫోను చేసి, “అక్కా, హైదరాబాదులో ఉన్నాం. ఒంటిగంటన్నరకి విమానం. మూడింటికల్లా నీ ముందుంటాను” అన్నారు.

ఒంటిగంటన్నర రెండున్నర అయింది. రెండున్నర మూడుంపావు అయింది. ఎప్పుడడిగినా కౌంటరులో ఉన్న అమ్మాయి నవ్వుతూ ఒకటే మాట చెప్పేది, ఇంకో ముప్పావుగంట అని. కారణమేంటంటే ఆపరేషనల్ రీజన్స్ అంటుంది. అదేంటో విప్పి చెప్పమంటే మళ్ళీ అదే మాటని ఇంకొంచెం నెమ్మదిగా చెబుతుంది. లోపల టీ పాతిక రూపాయలు, అదీ కాగితం గ్లాసులో మూడు గుక్కలు. పెరుగన్నం పొట్లం అరవై. టీ పోసే పెద్దాయనది పాలకొల్లు అని మాటల్లో తెలిసింది. “పెళ్ళికాండి? అయితే ఆకలి మీద వెళ్ళండి, ఇక్కడేం తినకండి” అని ఉచితంగా సలహా ఇచ్చాడు. ఆ విమానాశ్రయంలో ఆ రోజు మాతో నిజం మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

రెండో మనిషి మా పక్క కుర్చీలో కూర్చున్నాయన. మండపేటలో రైసుమిల్లు ఉందట, పనుల మీద నెలకోసారి ఈ విమానం ఎక్కుతారట. చేతిలో పేపరు మడిచి నాలుగింటప్పుడు మెల్లగా అన్నారు: “రాజమండ్రిలో రన్‌వేకి రాత్రి దీపాలు లేవండి. వెలుతురుండగా దిగాలి. లేకపోతే దిగడు. ఇప్పటికే ఆలస్యమైంది, నేనైతే సికింద్రాబాదు వెళ్ళి రైలు చూసుకుంటానండి.” చెప్పి నిజంగానే లేచి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి సంగతి టికెట్ మీద ఉండాలి కదా. కనీసం ఆ అద్దాల మీద కాగితం ముక్క అంటించి ఉండాలి కదా. తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళి అడిగాను.

“రాజమండ్రిలో చీకటి పడితే విమానం దిగదటగా?”

“అలాంటిదేం లేదు మేడమ్. ఫ్లైట్ వెళ్తుంది.”

“వెళ్తుంది సరేనమ్మా. దిగుతుందా అని అడుగుతున్నాను.”

“షెడ్యూల్ అయింది మేడమ్. మీరు కూర్చోండి.”

“చూడమ్మా, అక్కడ పెళ్ళికూతురు ఉంది. ఈయన వెళ్ళి ఎత్తితే కానీ పీటల మీదకి రాదు. అనుమానం ఉంటే అనుమానం ఉందని చెప్పు. ఫోను చేసి వాళ్ళ ఏర్పాటు వాళ్ళని చేసుకోమంటాం. మేం అందకపోయినా ఫరవాలేదు, అక్కడ పని ఆగకూడదు.”

“డోంట్ వర్రీ మేడమ్. సిక్స్ లోపల రాజమండ్రిలో ఉంటారు.”

ఈ ఒక్క మాట కోసమే నేను ఇవాళ్టికీ వాళ్ళని క్షమించలేకపోతున్నాను. ఆలస్యం అందరికీ అవుతుంది. మా ఊరి బస్సు కూడా ఆలస్యమవుతుంది. కానీ బస్సు కండక్టరు “లేదండి, బ్రిడ్జి మీద ఆగిపోయింది, వేరే దారి చూసుకోండి” అని ముఖం మీద చెప్పేస్తాడు. మూడు వేలు తీసుకుని నవ్వుతూ అబద్ధం చెప్పడం మాత్రం నేను ఇక్కడే చూశాను. ఆ అమ్మాయి నిజం ఒప్పుకుని ఉంటే, ఆ నిమిషంలోనే మా ఆయన వదినకి ఫోను చేసి నా కోసం చూడొద్దని చెప్పేవారు. దానికి బదులు విమానం మెట్లెక్కుతూ ఏం చెప్పారో తెలుసా? “ఎక్కేశామక్కా. గంటలో దిగుతాం. నేను రాకుండా పిల్లని కదపకండి.” చెప్పి ఫోను కట్టేశారు, విమానంలో కట్టెయ్యాలి కదా.

అప్పటికి టైము ఐదు కావస్తోంది. విమానంలో అందరూ గోదావరి జిల్లాల వాళ్ళే. చంటిపిల్లలతో ఉన్న తల్లులు, రొయ్యల వ్యాపారులు, ఆస్పత్రి ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకున్న ముసలి దంపతులు. పొద్దు వాలుతోంది. పోలవరం దగ్గర గోదావరి కొండల మధ్య నుంచి బయటపడి వెడల్పయ్యే చోటుకి వచ్చేసరికి నీళ్ళ మీద ఎర్ర వెలుతురు ఇంకా ఉంది. ఏ ఫొటోలోనూ చూడని అందం అది. మనసు బాగున్న రోజైతే పేజీలు రాసేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ ఎరుపు ఎంతసేపుంటుందా అనే చూశాను. రాజమండ్రి వంతెనలు కుడిపక్క కనిపించాయి. విమానం కిందికి వంగింది. చెట్ల తలలు, చెరువులు, రోడ్డు మీద లారీల లైట్లు కనిపిస్తున్నాయి. నేల మీద పొగమంచులాంటి మసక.

“అదుగో, కోరుకొండ” అన్నారు మా ఆయన. గుండ్రటి కొండ, దాని మీద గుడి. కింద ఒకచోట సీరియల్ బల్బులు గుంపుగా మెరుస్తున్నాయి. అదే సత్రమో, ఇంకెవరి పెళ్ళో చెప్పలేను. ఆయన మాత్రం అదేనన్నారు. ముఖం అద్దానికి ఆనించి పిల్లాడిలా చూస్తున్నారు. జేబులోంచి దువ్వెన తీసి తల కూడా దువ్వుకున్నారు.

విమానం ఒక చుట్టు తిరిగింది. కొండ మళ్ళీ కనిపించింది. ఇంకో చుట్టు తిరిగి, ముక్కు పైకెత్తింది. కాసేపటికి మైకులో పైలట్ ఏదో చెప్పాడు. ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి. తెలుగులో లేదు. రాజమండ్రి వెళ్ళే విమానం, ఎక్కినవాళ్ళందరూ తెలుగువాళ్ళు, ఒక్క ముక్క తెలుగులో చెప్పే దిక్కు లేదు. “ఏంటండి? ఏంటంటున్నాడు?” అని ముందు వరుస నుంచి వెనక వరుస దాకా ఒకరినొకరు అడుక్కుంటున్నారు. నేనే లేచి నిలబడి, క్లాసులో పాఠం చెప్పినట్టు గట్టిగా చెప్పాను: “వెలుతురు చాలదట. దిగడట. మళ్ళీ హైదరాబాదు తీసుకెళ్తున్నాడట.” ఒక్కసారిగా అందరూ నామీదే విరుచుకుపడ్డారు, నేనే తిప్పుకెళ్తున్నట్టు. వాళ్ళనేమీ అనలేను. ఆ కబురు చెప్పినవాళ్ళలో తెలుగు తిట్లు అర్థమయ్యేదాన్ని నేనొక్కదాన్నే.

మా ఆయన దారిలో పోతున్న ఎయిర్‌హోస్టెస్‌ని ఆపి, “ఒక్కసారి దించండమ్మా. మా మేనకోడల్ని బుట్టలో ఎత్తాలి, ముహూర్తం అయిపోతోంది” అన్నారు, కంగారులో తెలుగులోనే. ఆ పిల్లకి తెలుగు రాదు. నావైపు చూసింది. నేను ఇంగ్లీషులో బుట్ట అన్నాను, పెళ్ళి అన్నాను. పాపం, మేం బుట్ట ఏదో పోగొట్టుకున్నామనుకుని తల పైనున్న అరలు ఒక్కొక్కటీ తెరిచి వెతికింది. ఆయన ఇంకేం అడగలేదు. మళ్ళీ బేగంపేట వచ్చేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

బేగంపేటలో దిగగానే ఆయన ఫోను మీద ఫోను చేశారు. ఎవరూ ఎత్తలేదు. పెళ్ళి మేళాల మధ్య ఎవరికి వినపడుతుంది. నేను కౌంటరు మీద పడ్డాను. మధ్యాహ్నం ఉన్న అమ్మాయి లేదు, డ్యూటీ అయిపోయిందట. టై కట్టుకున్న కుర్రాడు ఉన్నాడు.

“వాతావరణం అనుకూలించలేదండి. మన చేతుల్లో లేదు.”

“సూర్యుడు రోజూ అస్తమిస్తాడు బాబూ. అది వాతావరణం కాదు. మీకు పంచాంగం లేదా?”

“రేపు మధ్యాహ్నం ఫ్లైట్‌లో సీట్లిస్తామండి. లేదంటే డబ్బులు వాపసు.”

“మధ్యాహ్నం సీటు నాకెందుకు? ఐదింటికి బయల్దేరిస్తే అక్కడ దీపాలు లేవని మీకు తెలుసు. తెలిసే పంపించారు. అందితే అందింది, లేకపోతే తిప్పి తెచ్చేద్దామనుకున్నారు. ఆ సంగతి ఎక్కేముందు మాకు చెప్పడానికి మీ నోరెందుకు రాలేదు?”

కుర్రాడు కంప్యూటరు వైపు చూశాడు. వెనకున్న జనం “అడగండమ్మా, అడగండి” అని నన్ను ఎగదోస్తున్నారు కానీ ఒక్కరూ ముందుకొచ్చి అడగరు. మనవాళ్ళ సంగతి తెలిసిందే. ఆ గొడవలో ఉండగా మా ఆయన నా భుజం తట్టి, “పద, రైలుంది” అన్నారు. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని కూడా నాకు తెలీదు.

సికింద్రాబాదులో కాకినాడ వెళ్ళే రైలు దొరికింది. రిజర్వేషన్ లేదు కాబట్టి జనరల్ పెట్టెలో పట్టుచీర పెట్టె మీద నేను, తలుపు దగ్గర ఆయన. టికెట్లు ఇద్దరికీ కలిపి రెండు వందలు కూడా కాలేదు. ఏ నడుం కోసం కారు వద్దన్నారో ఆ నడుం ఆ రాత్రి ఏమైందో మీరే ఊహించుకోండి. గోదావరి వంతెన మీదకి వచ్చేసరికి తెల్లవారుతోంది. మామూలుగా అందరూ నదిలో చిల్లర వేస్తారు. ఆయన జేబులోంచి చెయ్యి కూడా తియ్యలేదు.

రాజమండ్రి స్టేషను బయట ఆటో మాట్లాడుకున్నాం, కోరుకొండకి రెండు వందల యాభై. పొద్దున్నే అయితే బస్సులు కూడా ఉంటాయి, పది పన్నెండు రూపాయలతో పోతుంది, తొందరేం లేకపోతే అదే మంచిది. ఆటో అతను మాటకారి. విమానాశ్రయం మలుపు దగ్గరికి రాగానే తనే మొదలెట్టాడు.

“నిన్న సాయంత్రం ఇక్కడ పెద్ద తమాషా అయిందండి.”

“ఏం తమాషా?” అన్నాను.

“ఆయ్. విమానం వచ్చినట్టే వచ్చి ఎల్లిపోయిందండి. రెండు సుట్లు తిరిగింది. కోరుకొండలో ఎవరిదో పెళ్ళంటండి, అందులో మేనమామ రావాలంట. పైన సప్పుడు వినపడగానే అయిగో వచ్చేశారని కారు పంపించేశారండి. మేళం వాళ్ళని కూడా ఎక్కించారు, ఎదురెళ్ళి వాయించడానికి. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆళ్ళు డోళ్ళు భుజానేసుకుని అలా పైకి సూత్తా నిలబడిపోయారండి.”

“తర్వాత?”

“తర్వాతేముందండి. గాల్లో మేనమామని నమ్ముకుంటే ఇంతే మరి.” నవ్వి అద్దంలో చూశాడు. మా ఆయన ముఖం చూశాక నవ్వు ఆపేశాడు. “మీరేనాండి?” అన్నాడు. ఆయన తలూపారు. సత్రం దగ్గర దిగాక యాభై రూపాయలు వెనక్కివ్వబోతే నేనే వద్దన్నాను. అతను చేసిన తప్పేముంది?

సత్రం ముందు అరటి స్తంభాలు వాలి ఉన్నాయి. అప్పగింతలకి కారు సిద్ధంగా ఉంది. ఎవరో “మేనమామ వచ్చాడు” అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో కానీ మాకు అలాగే వినిపించింది. హేమ పసుపు గుడ్డలతో పరుగెత్తుకొచ్చి మావయ్యని పట్టుకుంది. “విమానం వినిపించింది మావయ్యా. వెంటనే నన్ను బుట్టలో కూర్చోబెట్టేశారు. నువ్వు వచ్చేస్తున్నావని అందరూ చప్పట్లు కూడా కొట్టారు” అంది. ఆయన అక్కడే, అంతమంది ముందు, ఏడ్చేశారు.

జరిగింది హేమ బాబాయే చెప్పారు. విమానం చప్పుడు విన్నాక ఇక ఎవరూ వేరే ఆలోచన చెయ్యలేదు. దిగడం, కారెక్కడం, రావడం, అంతా కలిపి ఇరవై నిమిషాలు, లగ్నానికి సరిగ్గా సరిపోతుందని పిల్లని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తీసుకొచ్చే దారిలో ఉంచారు. విమానం వెళ్ళిపోయిందని కారులో వెళ్ళిన వాళ్ళు ఫోను చేసేసరికి పంతులుగారు గడియారం చూపిస్తున్నారు. సరే, నేనే ఎత్తుతానని బాబాయి బుట్ట మీద చెయ్యి వేశారు. అప్పుడు లోపల గది తలుపు తీసుకుని సుగుణ వదిన బయటికి వచ్చింది. “అది నా తమ్ముడి పని. వాడు లేడు కాబట్టి నేను చేస్తాను” అని బుట్ట అంచు పట్టుకుంది.

పెళ్ళివారి వైపు ఒక పెద్దావిడ, “నువ్వేంటమ్మా, నువ్వు రాకూడదు కదా” అంది.

“రాకూడనిది నా ఇంటికి ఎప్పుడో వచ్చి వెళ్ళింది పిన్నిగారూ” అంది వదిన. “ఇవాళ నా పిల్ల పెళ్ళి.”

పంతులుగారు ఒక్క క్షణం ఆగి, కానివ్వండమ్మా అని మంత్రం ఎత్తుకున్నారట. ఆవిడ ఒక పక్క, బాబాయి ఒక పక్క పట్టుకుని పిల్లని మోసుకొచ్చి పీటల దగ్గర దించారు. దించాక వదిన గదిలోకి తిరిగి వెళ్ళలేదు. తాళి కట్టేదాకా కూతురి వెనకే నిలబడింది. 

ఇదంతా విన్నాక లోపలికి వెళ్ళాం. వదిన పొయ్యి దగ్గర కాఫీ కలుపుతోంది. తమ్ముడు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడే గ్లాసు చేతికిచ్చి అంది: “దిగలేదని తెలిశాక కూడా ఇంకొకళ్ళ చేతికి ఇవ్వబుద్ధి కాలేదురా. నువ్వు నా నెత్తి మీదే తిరిగావు. ఆ చప్పుడు విన్నాను. అంతదూరం వచ్చినవాడివి ఎందుకు రాలేకపోయావో నాకు తెలీదు కానీ, రానివాడివి మాత్రం కాదని తెలుసు.”

తిరిగి వచ్చాక ఈ కథ చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు, “చూశారా, అంతా మంచికే. ఆ విమానం దిగి ఉంటే ఆవిడ గదిలోనే ఉండిపోయేది” అంటున్నారు. నాకు ఒళ్ళు మండే మాట ఇది. విమానం దిగి ఉన్నా ఆవిడ కూతురి పక్కన నిలబడాల్సిన మనిషే. ఆ గదిలో కూర్చోబెట్టింది మనమే, విమానం కాదు. ఇన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళాను, అలా గదుల్లో కూర్చున్న ఆడవాళ్ళకి పళ్ళెంలో భోజనం తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను తప్ప, బయటికి రండి అని ఒక్కరినీ అనలేదు. వదిన ఎవరినీ అడగకుండా వచ్చింది, ఆ గొప్ప ఆవిడది. దాన్ని తీసుకెళ్ళి అబద్ధం చెప్పిన కౌంటరు ఖాతాలో వెయ్యడానికి నేను ఒప్పుకోను. మా ఆయన మాత్రం ఇంకా తేరుకోలేదు. బియ్యం బస్తా వంటింట్లోకి మార్చమంటే పక్కింటి అబ్బాయిని పిలిచారు.

వెళ్ళదలచిన వాళ్ళకి ఒక్క మాట. గాల్లో ఎంతసేపు అని అడగకండి, అది అందరూ చెబుతారు. దిగే ఊళ్ళో రాత్రి దీపాలున్నాయా అని అడగండి. లేవంటే పొద్దున విమానమే తీసుకోండి, మధ్యాహ్నానిది ఉచితంగా ఇచ్చినా ఎక్కకండి. ఒకవేళ ఎక్కాల్సే వస్తే, మెట్ల దగ్గర ఇంటికి ఫోను చేసి “గంటలో ఉంటాను, నాకోసం ఆగండి” అని మాత్రం అనకండి. మీవాళ్ళు నిజంగా ఆగుతారు.